ఆరంకెల సాక్ష్యం

మా పెదనాన్న ఆర్టీసీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కండక్టరుగా చేశారు. రాత్రి ఆఖరి ట్రిప్పు అయ్యాక డిపోలో డబ్బు అప్పజెప్పేటప్పుడు తన సంచీలో ఒక్క రూపాయి తేడా వచ్చిందని ఎవరూ అనలేదని ఆయనకి ఇప్పటికీ గర్వం. అలాంటి మనిషి 2022 వేసవిలో ఒక సాయంత్రం, తెనాలిలో తన ఇంటి వరండాలో కూర్చుని, పది రూపాయలు కట్టబోయి 49,600 పోగొట్టుకున్నారు.

కథ మీకు తెలిసిందే. మీ కరెంటు బిల్లు మా రికార్డుల్లో అప్‌డేట్ కాలేదు, రాత్రి తొమ్మిదిన్నరకి సరఫరా ఆపేస్తాం, ఈ నంబరుకి ఫోన్ చేయండి అని ఒక మెసేజ్. మండుటెండల రోజులు. ఇంట్లో ఆయాసంతో పెద్దమ్మ. ఫ్యాను లేకపోతే ఆ రాత్రి గడవదు. టెన్షన్ పడిపోయి ఫోన్ చేశారు. అవతలివాడు తెలుగులోనే, ఎంతో మర్యాదగా మాట్లాడాడట. "పది రూపాయలు కట్టండి సార్, అప్‌డేట్ అయిపోతుంది" అని లింకు పంపాడు. ఆ పేజీలో కార్డు నంబరు, వెనకాల ఉన్న మూడంకెలు కొట్టారు. "ఇప్పుడు మీకో నంబరు వస్తుంది, చెప్పండి" అన్నాడు. వచ్చింది, చెప్పారు. "పడలేదు సార్, ఇంకోసారి" అన్నాడు. అదీ చెప్పారు.

ఆ రెండు మెసేజ్‌లూ ఇప్పటికీ ఆయన ఫోన్లో ఉన్నాయి. నాలుగు వరుసల ఇంగ్లీషు. అన్నిటికంటే ముందు ఆరంకెల ఓటీపీ. దాని తర్వాత 24,800 రూపాయలని, ఆ తర్వాత సగం అక్షరాలు మింగేసిన ఒక వ్యాపారి పేరు, కార్డు చివరి నాలుగంకెలు, చిట్టచివర ఇది ఎవరికీ చెప్పొద్దన్న హెచ్చరిక. పెదనాన్న ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలరు, కళ్ళజోడు ఉంటే. ఆ సాయంత్రం కళ్ళజోడు లోపల టీవీ మీద ఉంది. ఫోన్ స్పీకర్లో వాడు తొందరపెడుతున్నాడు. తెర పైనుంచి ఒక్క క్షణం దిగి మాయమైపోయే పట్టీలో మొదటి వరుసే కనిపిస్తుంది. అంటే ఓటీపీ కనిపిస్తుంది, మొత్తం ఎంతో కనిపించదు.

నలభై రోజుల తర్వాత బ్యాంకు నుంచి జవాబు వచ్చింది. లావాదేవీలు రెండంచెల ధృవీకరణతో సక్రమంగా పూర్తయ్యాయి, ఓటీపీ మీ రిజిస్టర్డ్ మొబైల్‌కే చేరింది, కాబట్టి మా బాధ్యత లేదు. అంతే. బ్యాంకు పేరు రాయను, రాసి ప్రయోజనమూ లేదు.

దీనికి పక్కన పెట్టి చూడాల్సిన ముచ్చట ఇంకొకటుంది. అదే ఏడాది మా ఆఫీసులో ఒక కుర్రాడి క్రెడిట్ కార్డు మీద రాత్రి రెండు గంటలకి ఏదో విదేశీ సైటులో మూడు వందల డాలర్ల దాకా ఖర్చయింది. అతనికి ఓటీపీయే రాలేదు. పొద్దున్నే బ్యాంకుకి ఫోన్ చేశాడు, ఫారం నింపాడు, రెండు వారాల్లో డబ్బు వెనక్కి వచ్చింది. తాళం లేని ఇంట్లో దొంగ పడితే నష్టపరిహారం. తాళం వేసిన ఇంట్లో, వాడు యజమాని చేతే తీయించి దోచుకుంటే, నువ్వే తీశావు కదా అని ఉత్తరం.

నేను పదిహేనేళ్ళుగా హైదరాబాదులో ఆన్‌లైన్ దుకాణాలకి పేమెంట్ పేజీలు కడుతున్నాను. పెదనాన్న చేత ఆ నంబరు పలికించిన పేజీలాంటి వాటిని వెబ్‌సైట్లకి తగిలించే పని నాదే. ఈ పదిహేనేళ్ళలో మా జీవితం గడువుల చుట్టూ తిరిగింది. ఫలానా తేదీలోగా ఫలానా ధృవీకరణ పెట్టాలి, ఫలానా తేదీ తర్వాత కార్డు నంబరు దాచకూడదు, ఫలానా తేదీ నుంచి ఆటో డెబిట్‌కి అనుమతి తీసుకోవాలి. ఇందులో చాలా గడువుల్ని నేను తిట్టుకున్నాను, కొన్నిటిని ఇప్పుడు మెచ్చుకుంటాను. కానీ ఒక్క విషయం నన్ను తొలుస్తుంది. తలుపుకి ఎన్ని గడియలు ఉండాలో చెప్పిన గడువులే అన్నీ. గడియలన్నీ ఉండగా దొంగతనం జరిగితే సొమ్ము ఎవరు కట్టాలో తేల్చడానికి మాత్రం ఎవరికీ తొందర లేదు.

మొదట మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. రిజర్వు బ్యాంకు 2009 ఫిబ్రవరి 18న ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆన్‌లైన్‌లో కార్డు వాడేటప్పుడు, కార్డు మీద కనిపించని సమాచారం ఏదో ఒకటి అదనంగా అడిగి తీరాలన్నది దాని సారం. ఆ ఏడు ఆగస్టు 1 నుంచి అమలు. మొదట్లో ఆ అదనపు సమాచారం మనం పెట్టుకున్న పాస్‌వర్డే. జనం దాన్ని మర్చిపోవడమే పనిగా పెట్టుకోవడంతో మెల్లగా ఓటీపీ ఆ స్థానంలోకి వచ్చింది. కార్డు మీద కనిపించని సమాచారం అన్న ఆ ఒక్క మాటలో ఎంత తెలివి ఉందో నాకు పదేళ్ళ తర్వాత గానీ తెలియలేదు. 2019 జూన్‌లో యూరప్ బ్యాంకింగ్ అథారిటీ అక్కడి బ్యాంకులకి తీరిగ్గా వివరించాల్సి వచ్చింది: కార్డు మీద అచ్చయి ఉన్న నంబరునీ వెనకాల కోడునీ వినియోగదారుడికి మాత్రమే తెలిసిన రహస్యం కింద లెక్కెయ్యకండి అని. అంటే మన దగ్గర 2009లో తేలిన సంగతి అక్కడ 2019లో తేలింది. ఇలాంటివాటిలో మనం ముందున్నామని ఒప్పుకోవడానికి మనకే మొహమాటం.

ఆ పదేళ్ళూ మా వ్యాపారుల గోల మాత్రం ఇంతా అంతా కాదు. మంగళగిరి చీరలు అమ్మే ఒక చిన్న సైటుకి నేను మొదటిసారి పేమెంట్ పని చేసినప్పుడు, ఆ యజమానురాలు రోజూ సాయంత్రం లెక్క అడిగేవారు. "ఎంతమంది ఆ నంబరు పేజీ దాకా వచ్చి వెళ్ళిపోయారు బాబూ?" ఆవిడ బాధలో న్యాయం ఉంది. ఎస్సెమ్మెస్ రెండు నిమిషాలు ఆలస్యమైతే పేజీ గడువు తీరిపోతుంది, చీర బుట్టలోనే ఉండిపోతుంది. విదేశాల నుంచి వచ్చిన కంపెనీలకైతే ఇది మరీ మింగుడు పడలేదు. కొందరు మన దేశంలో జరిగే అమ్మకాన్ని విదేశీ బ్యాంకు ద్వారా తిప్పి ఓటీపీని ఎగ్గొట్టారు. 2014 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దాన్ని పట్టుకుని, అక్టోబరు 31 దాకా గడువిచ్చి, ఆ దారి మూసేసింది. ఆ సర్క్యులర్‌లో ఎవరి పేరూ లేదు గానీ, క్యాబ్ దిగి డబ్బు సంగతి పట్టించుకోకుండా నడిచి వెళ్ళిపోయే ఊబర్ సుఖం ఆ నవంబరుకి, ముందే డబ్బు నింపుకోవాల్సిన వ్యాలెట్‌లోకి మారడం అందరం చూశాం.

ఇక యూరప్ సంగతి. వాళ్ళ రెండో పేమెంట్ సేవల చట్టం, పీఎస్‌డీ2 అంటారు, బలమైన ధృవీకరణ కావాలంది. మూడింటిలో రెండు ఉండాలి: నీకు తెలిసినది, నీ చేతిలో ఉన్నది, నీ ఒంటిది. అంటే పిన్ను, ఫోను, వేలిముద్ర లాంటివి. సాంకేతిక నియమాలు 2018 మార్చిలో వచ్చాయి, పద్దెనిమిది నెలల టైమిచ్చి 2019 సెప్టెంబరు 14 అని ముహూర్తం పెట్టారు. ముహూర్తం దగ్గరపడ్డాక చూస్తే పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఇంకా బయల్దేరలేదు. బ్యాంకు సిద్ధంగా ఉంటే దుకాణానికీ బ్యాంకుకీ మధ్య చెల్లింపు చేరవేసే గేట్‌వే లేదు, గేట్‌వే సిద్ధమైతే దుకాణదారుకి ఈ కబురే తెలియదు. చివరికి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి 2020 డిసెంబరు 31 దాకా చూసీ చూడనట్టు ఊరుకోమన్నారు. జర్మనీ ఆ తర్వాత కూడా మెట్లు కట్టింది: 2021 జనవరి మధ్యనుంచి 250 యూరోలు దాటినవాటికి, ఫిబ్రవరి మధ్యనుంచి 150 దాటినవాటికి, మార్చి మధ్యనుంచి అన్నిటికీ. బ్రిటన్ అయితే 2021 మార్చి అంది, కరోనా వచ్చాక అదే ఏడు సెప్టెంబరంది, మళ్ళీ 2022 మార్చి 14 అంది. మన కోర్టు వాయిదాలకి ఏమాత్రం తీసిపోదు.

జర్మనీ మెట్ల పద్ధతి నాకు నచ్చింది. పెద్ద మొత్తాలతో మొదలుపెడితే, ఏదైనా పగిలినా తక్కువమందికే పగులుతుంది, మనలాంటివాళ్ళకి బాగుచేసుకునే టైమ్ దొరుకుతుంది. రాత్రికి రాత్రి మొత్తం మార్చేసే గడువు రాసేవాళ్ళు, ఆ రాత్రి సర్వర్ల ముందు ఒక్కసారి కూర్చుని చూడాలి.

ఇంత వాయిదాల గోలలోనూ యూరప్ చట్టంలో ఒక సంగతి వాయిదా పడలేదు. బ్యాంకు బలమైన ధృవీకరణ అడగకుండా డబ్బు పోనిస్తే, ఖాతాదారుడు స్వయంగా మోసగాడైతే తప్ప, ఒక్క సెంటు కూడా అతను భరించక్కర్లేదు. ఇది చట్టంలోనే ఉంది. కాబట్టి నియంత్రణ సంస్థలు పైకి చూసీ చూడనట్టు ఊరుకున్నా, ఆలస్యం చేసిన ప్రతి రోజూ బ్యాంకు సొంత జేబుకి రిస్కే. ఆ సూత్రం లేని చోట గడువు పొడిగిస్తే, పొడిగించిన రోజుల రిస్కు ఎవరి మీద పడుతుంది? కొనుక్కునేవాడి మీదే.

మన దగ్గర పొడిగింపులు ఎలా జరిగాయో దగ్గరుండి చూసినవాణ్ణి. కార్డు నంబరు దుకాణాల దగ్గర దాచకూడదు, బదులుగా దానికి మారుగా పనిచేసే వేరే సంఖ్య, అంటే టోకెన్, వాడాలి అన్న నిబంధనకి మొదటి గడువు 2021 జూన్ 30. అది డిసెంబరు 31 అయింది. అప్పటికి నేను పనిచేసే చోట నలుగురం, దసరా సెలవులు కూడా తినేసి, టోకెన్ పని పూర్తి చేశాం. డిసెంబరు 23 సాయంత్రం ఇంకో ఆరు నెలలు పొడిగించారన్న వార్త వచ్చింది. మా మేనేజరు కాఫీ కప్పు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చి, "చూశావా, నేను ముందే అన్నాను, తొందరెందుకని" అన్నారు. ఆ క్షణం నాకు బాగా గుర్తు. పని ఎగ్గొట్టిన కంపెనీలు తెలివైనవాళ్ళుగా, చేసిన మేము తెలివితక్కువవాళ్ళుగా మిగిలాం. 2022 జూన్‌లో మళ్ళీ మూడు నెలలు పొడిగించి, చివరికి అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. ఒకసారి పొడిగిస్తే దయ. మూడోసారి పొడిగిస్తే, తర్వాతి గడువు వచ్చేసరికి మా మేనేజరులాంటివాళ్ళందరికీ జవాబు ముందే తెలిసిపోతుంది.

ఆటో డెబిట్ల కథ ఇంకో రకం. 2019 ఆగస్టులోనే నియమం వచ్చింది: నెలనెలా కోసుకునే చెల్లింపుకి మొదటిసారి అదనపు ధృవీకరణ, ఆ తర్వాత ప్రతిసారీ కోతకి 24 గంటల ముందు కబురు. బ్యాంకులు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాయి. 2021 మార్చి 31న, అంటే గడువు రోజునే, రిజర్వు బ్యాంకు గట్టిగా మందలించి ఇంకో ఆరు నెలలు ఇచ్చింది. అక్టోబరు 1 వచ్చాక నిజంగానే అమలైంది. నా బ్లాగు హోస్టింగ్ డబ్బు కట్ కాలేదు, రెండు రోజులు బ్లాగు మూతపడింది. నాకు కోపం వచ్చిన మాట నిజం. కానీ దానివల్లే కదా, ఎప్పుడో ట్రయల్ కోసం కార్డిచ్చి మర్చిపోయిన మూడు సబ్‌స్క్రిప్షన్లు కూడా ఊడిపోయాయి.

అన్నిటికంటే విచిత్రమైన గడువు మాత్రం ధృవీకరణది కాదు, ఎస్సెమ్మెస్‌లది. స్పామ్ ఆపడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక పద్ధతి పెట్టింది. కంపెనీలు తాము పంపే మెసేజ్‌ల నమూనాలు ముందే నమోదు చేసుకోవాలి, నమూనాకి సరిపోలని మెసేజ్‌ని టెలికాం కంపెనీలు ఆపేస్తాయి. 2021 మార్చి 8న ఆ జల్లెడ ఆన్ చేశారు. ఆ రోజు దేశమంతా ఓటీపీలు ఆగిపోయాయి. బ్యాంకులు, ఆధార్, వ్యాక్సిన్ నమోదు, అన్నీ. ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చింది. ఆ మధ్యాహ్నం నా తెర మీద వరసగా పెండింగ్, ఫెయిల్డ్, పెండింగ్, ఫెయిల్డ్. కోడ్‌లో తప్పు నాదేమో అని గంటసేపు వెతుక్కున్నాను. మర్నాడు జల్లెడని వారం రోజులు ఆపారు. ఒక దేశం తన డబ్బు సంచీల తాళాలన్నిటినీ ఎస్సెమ్మెస్ అనే ఒకే మేకుకి తగిలిస్తే ఏమవుతుందో ఆ రోజు చూశాం.

ఆ మేకుకి వేలాడేవాళ్ళు విదేశాల్లోనూ ఉన్నారు. డాలస్‌లో మా చెల్లెలు తన ఇండియా సిమ్‌ని ఒక పాత ఫోన్లో వేసి, వంటింట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టుకుంది. ఆ సిమ్‌కి ఇంకో పని లేదు, ఓటీపీల కోసమే ఊపిరి. రీఛార్జ్ మర్చిపోతే అమ్మ మందులకి ఇక్కడ డబ్బు కట్టే వీలుండదు.

ఇక అన్నిటికంటే కొత్త గడువు. రిజర్వు బ్యాంకు 2024 జూలై చివర్లో ముసాయిదా పెట్టి, 2025 సెప్టెంబరు 25న తుది ఆదేశాలు ఇచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. డిజిటల్ చెల్లింపుకి కనీసం రెండు వేర్వేరు అంశాలతో ధృవీకరణ ఉండాలి. వాటిలో కనీసం ఒకటి ఆ లావాదేవీకే పుట్టి ఆ లావాదేవీతోనే చచ్చేదిగా ఉండాలి. ఓటీపీ ఒక్కటే దారి కాదు, యాప్‌లో అనుమతి, వేలిముద్ర, ఇలాంటివన్నీ వాడుకోవచ్చు. ఫోను, ఊరు, అలవాటు చూసి అనుమానమొస్తే ఇంకాస్త గట్టిగా అడగొచ్చు. ఓటీపీని రద్దు చేసేశారని వాట్సాప్‌లో తిరుగుతున్న మాట తప్పు. మా ఆఫీసు కుర్రాడికి పడిన విదేశీ కన్నానికి కూడా మందు పెట్టారు: అవతలి దేశపు వ్యాపారి గానీ వాళ్ళ బ్యాంకు గానీ అదనపు ధృవీకరణ అడిగితే, 2026 అక్టోబరు 1 నాటికి మన బ్యాంకులు దాన్ని సరిచూడగలిగి ఉండాలి. అవతలివాళ్ళు అడిగితేనే సుమా. అడగనివాళ్ళ కోసం లావాదేవీల మీద నిఘా పద్ధతి ఒకటి పెట్టుకోమన్నారు.

ఆ ఆదేశాల్లో నేను రెండుసార్లు చదువుకున్న వాక్యం వేరే ఉంది. ఈ నియమాలు పాటించకుండా జరిపిన లావాదేవీ వల్ల నష్టం వస్తే, కార్డు లేదా ఖాతా ఇచ్చిన సంస్థ మారు మాట్లాడకుండా మొత్తం నష్టం కట్టాలి. పదిహేనేళ్ళలో ఇంత నిఖార్సయిన వాక్యం ధృవీకరణ నియమాల్లో చూసిన గుర్తు లేదు. ఈసారి మా మేనేజరు కాఫీ కప్పుతో రాలేదు. జనవరి మొదటి వారంలోనే లీగల్ వాళ్ళని వెంటబెట్టుకుని మీటింగ్ పెట్టారు. తేదీ పొడిగిస్తారేమో అన్న ధీమా ఉన్నవాళ్ళకి కూడా డబ్బు కట్టాలేమో అన్న మాట చెవికెక్కుతుంది.

కానీ ఆ వాక్యాన్ని పెదనాన్న కేసుకి పెట్టి చూడండి. రెండు అంశాలున్నాయా? ఉన్నాయి. ఒకటి అప్పటికప్పుడు పుట్టినదేనా? అవును. మొత్తం, వ్యాపారి పేరు మెసేజ్‌లో ఉన్నాయా? ఉన్నాయి, మూడో వరుసలో, ఇంగ్లీషులో. నియమం అక్షరాలా పాటించారు కాబట్టి పరిహారం లేదు. మా కుర్రాడు ఇంకోసారి గెలుస్తాడు, పెదనాన్న ఇంకోసారి ఓడిపోతారు.

దీనికి 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ని చూపిస్తారు. అది నిజానికి మంచిదే. మూడో మనిషి చొరబడి డబ్బు తీస్తే, మూడు పనిదినాల్లో చెప్పిన ఖాతాదారుడికి నష్టం సున్నా. తప్పు ఖాతాదారుడిదే అని నిరూపించాల్సిన భారం కూడా బ్యాంకు మీదే పెట్టారు. కానీ నిర్లక్ష్యం అనే ఒక తలుపు తెరిచి ఉంచారు. రహస్య వివరాలు పంచుకోవడం నిర్లక్ష్యం, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం మొత్తం అతనిదే. ఆచరణలో ఆ నిరూపణ భారం ఎంత తేలికైపోయిందో చూడండి. ఓటీపీ సరిపోయింది అని కంప్యూటర్ రాసుకున్న ఒక్క లాగ్ చాలు. మనిషిని కాపాడటానికి పెట్టిన ఆరంకెలు అతని మీదే సాక్ష్యం చెబుతున్నాయి.

నిర్లక్ష్యం అన్న మాట గురించి ఇంకొంచెం మాట్లాడాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రేడియోలో, టీవీలో, కాలర్ ట్యూన్‌లో చెబుతూనే ఉన్నాం. మరి పెదనాన్న ఒక నెలలో ఎంతమందికి నంబర్లు చెబుతారు? గ్యాసు బండ తెచ్చిన అబ్బాయికి చెప్పాలి, లేకపోతే బండ దించడు. కొరియర్ పార్సిల్‌కి చెప్పాలి. క్యాబ్ ఎక్కితే డ్రైవరుకి చెప్పాలి. గేటెడ్ కాలనీలో కొడుకింటికి వెళ్తే సెక్యూరిటీకి చెప్పాలి. ఫోన్లోకి వచ్చిన నంబరుని ఎదుటివాడికి చదివి వినిపించడం మర్యాద అని మనమే నేర్పించి, అందులో ఒక్కటి మాత్రం చదివితే నిర్లక్ష్యం అంటున్నాం. ఏది ఏదో తేడా తెలియాలంటే ఇంగ్లీషు మెసేజ్‌లో మూడో వరుస చదవాలి.

పరిహారం ఇవ్వడం మొదలుపెడితే జనం జాగ్రత్త మానేస్తారు, అబద్ధపు ఫిర్యాదులు పుట్టుకొస్తాయి అని నా స్నేహితులే వాదిస్తారు, వాళ్ళలో బ్యాంకు వాళ్ళూ ఉన్నారు. కొట్టిపారేసే వాదన కాదు. నిజమైన దావాకీ దొంగ దావాకీ తేడా కనిపెట్టడం కష్టం, నేనూ ఆ లాగ్‌లు చూసేవాణ్ణే. కానీ బ్రిటన్ ఆ భయంతోనే ఆగిపోలేదు. 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి తన చేత్తోనే తన ఖాతా నుంచి డబ్బు పంపినవాడికి కూడా 85,000 పౌండ్ల దాకా బ్యాంకులు తిరిగి ఇవ్వాలి, సాధారణంగా ఐదు పనిదినాల్లో. ఘోరమైన నిర్లక్ష్యమైతే ఇవ్వక్కర్లేదు, ఆ నిరూపణ బ్యాంకు పని. నాకు అన్నిటికంటే నచ్చింది ఇది: పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం భరించాలి. ఈ రెండో సగమే అసలు మందు. పెదనాన్న డబ్బు గాల్లో కలిసిపోలేదు, ఏదో ఒక వ్యాలెట్‌లో దిగింది. ఆ వ్యాలెట్‌కి ఒక పేరు, ఒక కేవైసీ, దాన్ని తెరిచిన ఒక సంస్థ ఉంటాయి. దొంగ సొమ్ము దింపుకున్న చోట ఖర్చు మొదలైతే, ఆ ఖాతాలు తెరిచేటప్పుడే కళ్ళు తెరుచుకుంటాయి.

సింగపూర్‌లో ఒక బ్యాంకు పేరుతో నకిలీ ఎస్సెమ్మెస్‌లు వచ్చి 2021 చివర్లో దాదాపు 790 మంది 13.7 మిలియన్ సింగపూర్ డాలర్లు పోగొట్టుకున్నారు. లింకు నొక్కి వివరాలు కొట్టింది ఖాతాదారులే. అయినా ఆ బ్యాంకు, ఓసీబీసీ, మొత్తం కట్టేసింది. అదే 2022 జనవరిలో అక్కడి నియంత్రణ సంస్థ, ఖాతాదారులకి పంపే మెసేజ్‌లలో లింకులు తీసేయమని బ్యాంకులకి రెండు వారాల గడువిచ్చింది. మన టోకెన్ గడువు సాగినట్టు పదిహేను నెలలు కాదు, రెండు వారాలు.

మన దగ్గరా కట్టుదిట్టం చేయలేమని కాదు. యూపీఐలో డబ్బు పంపమని వచ్చే అభ్యర్థనతో ఎంత మోసం జరిగేదో గుర్తుందా? డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు. చివరికి 2025 అక్టోబరు 1 నుంచి మనిషికీ మనిషికీ మధ్య ఆ సదుపాయాన్నే తీసేశారు. నేర్పించి అలసిపోయి, చివరికి గుంతనే పూడ్చారు. ఓటీపీ మెసేజ్‌కి కూడా అలాంటి చిన్న పని చాలు: మొత్తం ముందు, పెద్దగా, ఖాతాదారుడు ఎంచుకున్న భాషలో. ఇరవై నాలుగు వేల ఎనిమిది వందల రూపాయలు అని తెలుగులో మొదటి వరుసలో ఉంటే, పది రూపాయలు అన్న గొంతు వింటున్న మనిషి ఆగేవారని నా నమ్మకం. జీవితమంతా టిక్కెట్టు మీద అంకె చూసి చిల్లర ఇచ్చిన మనిషి ఆయన.

సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు ఇదంతా ఆయనకి చెప్పాను. వరండాలో అదే కుర్చీ. కార్డు వెనక మూడంకెల మీద నల్ల స్టిక్కరు అంటించుకున్నారు.

"అయితే ఏరా, ఏప్రిల్ తర్వాత నాలాంటివాడికి ఏమైనా మారుతుందా?"

"మీకు జరిగినట్టే జరిగితే మారదు పెదనాన్నా. ఓటీపీ మీరే చెప్పారంటారు."

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు. "మా రోజుల్లో బస్సులో టిక్కెట్టు లేనివాడు దొరికితే చెకింగ్ వాళ్ళు వాణ్ణి వదిలి నన్ను పట్టుకునేవాళ్ళు. తీసుకోనిది వాడైనా, చూసుకోవాల్సింది నువ్వు కదయ్యా అని. ఒకసారి పదిహేను రోజులు సస్పెన్షన్ కూడా అయింది. అన్యాయం అనుకునేవాణ్ణి. అందుకేరా, ఎంత రద్దీ అయినా సీటు సీటుకీ తిరిగేవాణ్ణి."

గేటు చప్పుడైంది. గ్యాసు బండ. అబ్బాయి బయట నుంచే, "తాతగారూ, కోడ్ చెప్పండి" అని కేకేశాడు. పెదనాన్న ఫోన్ తీశారు. లోపలికి వెళ్ళి టీవీ మీదనుంచి కళ్ళజోడు తెచ్చుకున్నారు. మెసేజ్ మొదటి నుంచి చివరిదాకా వేలితో కింద గీస్తున్నట్టు పెట్టి, పెదాలు కదుపుతూ చదివారు. అబ్బాయి బండని ఒక భుజం మీదనుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. రెండోసారి కూడా చదివాక, నాలుగంకెలు ఒక్కొక్కటిగా చెప్పారు.